లేబుల్ అతికించే ముందు స్కేలు తీయండి

ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టిన కొత్తలో ఒక మార్కెట్‌ప్లేస్ గిడ్డంగికి నేను పంపిన 40 నోటుపుస్తకాలు పంపినవి పంపినట్టే తిరిగి వచ్చాయి. కుట్టులో లోపం లేదు, అట్టలో లోపం లేదు. బార్‌కోడ్ చదవడం కుదరలేదని ఒక్క వాక్యం రాశారు. నా ఫోనులో మాత్రం చక్కగా చదువుతోంది! రెండు రోజులు తల పట్టుకుని, చివరికి స్కేలు పెట్టి కొలిచాను. మొదటి గీత నుంచి చివరి గీత వరకు 31 మిల్లీమీటర్లు ఉండాల్సింది 22 మాత్రమే ఉంది. ప్రింట్ తీసేటప్పుడు ‘పేజీకి సరిపోయేలా’ అన్న గడిలో టిక్ ఉండిపోయింది. కంప్యూటర్ తన పని తాను చేసింది, బార్‌కోడ్ కుంచించుకుపోయింది. అప్పటి నుంచి లేబుళ్ల పక్కన స్కేలు లేకుండా నేను పని మొదలుపెట్టను.

ముందు కోడ్‌ల సంగతి. ఒక వస్తువు మన చేతి నుంచి కొన్నవారి చేతికి వెళ్లేలోగా దాని మీద మూడు రకాల కోడ్‌లు పడవచ్చు. మొదటిది వస్తువు సొంత నంబరు. బార్‌కోడ్ నంబర్లు జారీ చేసే జీఎస్1 సంస్థ నుంచి తీసుకునే ఈ నంబరులో 13 అంకెలుంటే ఈఏఎన్ అంటాం, 12 ఉంటే యూపీసీ. రెండోది మార్కెట్‌ప్లేస్ ఇచ్చే కోడ్. అమెజాన్ గిడ్డంగికి పంపే సరుకు మీద అతికించే ఎఫ్ఎన్‌ఎస్‌కేయూ అలాంటిదే. ఒకే వస్తువును పదిమంది అమ్ముతున్నప్పుడు ఇది ఎవరి సరుకో దాన్ని బట్టే తెలుస్తుంది. మూడోది పార్సిల్ మీద ఉండే రవాణా లేబుల్. వీటిలో ఒకటి కావాల్సిన చోట రెండు కనిపిస్తే స్కానర్ ఏది ముందు అందితే అది చదివేస్తుంది. అందుకే మార్కెట్‌ప్లేస్ కోడ్ అతికించమన్నప్పుడు దాన్ని పాత బార్‌కోడ్ మీదే, అది పూర్తిగా మూసుకుపోయేలా అతికించాలి. మూడు పుస్తకాలను ఒక కట్టగా అమ్మితే లోపలి మూడు బార్‌కోడ్‌లూ కనిపించకూడదు, కట్ట మీద కట్ట కోడ్ ఒక్కటే ఉండాలి.

నంబరు విషయంలో గట్టిగా చెబుతున్నాను: ఎవరో తిరిగి అమ్ముతున్న నంబర్లు కొనకండి. నంబరు మొదట్లోని అంకెలు అది ఏ సంస్థ పేరున జారీ అయిందో చెబుతాయి. మార్కెట్‌ప్లేస్ దాన్ని జీఎస్1 జాబితాతో పోల్చి చూసినప్పుడు మీ బ్రాండు బదులు వేరెవరి పేరో కనిపిస్తే లిస్టింగ్, అంటే సైట్‌లో మీ వస్తువును అమ్మకానికి చూపించే పేజీ, ఆగిపోతుంది. రంగు మారినా, సైజు మారినా, కట్టలో పుస్తకాల సంఖ్య మారినా కొత్త నంబరు కావాలి. ఒక డైరీ అమ్మడం మానేశాం కదా అని దాని నంబరు ఇంకో డైరీకి ఇవ్వడం కూడా కుదరదు. 2019 నుంచి జీఎస్1 నియమాలు దాన్ని ఒప్పుకోవడం లేదు.

ఈఏఎన్‌లో చివరి అంకె మిగతా 12 అంకెలకు కాపలా కాస్తుంది. 501234567890 అనే నంబరు తీసుకోండి. ఎడమ నుంచి బేసి స్థానాల్లోని అంకెలు కలిపితే 30. సరి స్థానాల్లోవి కలిపితే 20, దాన్ని 3తో గుణిస్తే 60. రెండూ కలిపితే 90. తర్వాతి పదుల సంఖ్యకు చేరడానికి ఎంత కలపాలో అదే చివరి అంకె. 90 ఇప్పటికే పదుల సంఖ్య కాబట్టి ఇక్కడ అది 0. చేత్తో టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పు పడితే ఈ లెక్క పట్టిస్తుంది. ఎక్సెల్‌లో నంబర్లు దాచుకునేవారు ఆ వరుసను ముందే ‘టెక్స్ట్’గా మార్చుకోండి. లేకపోతే సున్నాతో మొదలయ్యే నంబరులో ఆ సున్నా మాయమవుతుంది.

ఇక ప్రింటింగ్. పనంతా ఇక్కడే చెడుతుంది, కాబట్టి ఓపికగా చదవండి. ఈఏఎన్ బార్‌కోడ్‌లో అన్నిటికన్నా సన్నని గీత మామూలు సైజులో 0.33 మిల్లీమీటర్లు. ఆ సైజును 80 శాతం వరకు తగ్గించవచ్చు, 200 శాతం వరకు పెంచవచ్చు. అంటే మొదటి గీత నుంచి చివరి గీతకు 25 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వచ్చిందంటే ఆ లేబుల్ పక్కన పడేయాల్సిందే. అయితే 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) థర్మల్ ప్రింటర్‌లో, అంటే వేడితో ముద్రించే ప్రింటర్‌లో, ఒక్కో చుక్క 0.125 మిల్లీమీటర్లు. 0.33 కావాలంటే రెండున్నర చుక్కల పైచిలుకు వేయాలి, చుక్కను సగానికి విరిచే ప్రింటర్ లేదు. దాంతో కొన్ని గీతలకు రెండు చుక్కలు, కొన్నిటికి మూడు పడి, కంటికి బాగానే కనిపించే బార్‌కోడ్ స్కానర్‌ను తడబెడుతుంది. సన్నని గీతకు సరిగ్గా మూడు చుక్కలు పడేలా, అంటే 0.375 మిల్లీమీటర్లకు పెంచుకోండి. అది 114 శాతం సైజు అవుతుంది. 300 డీపీఐ ప్రింటర్ ఉంటే నాలుగు చుక్కలు దాదాపు 0.34కు వస్తాయి, ఇబ్బంది లేదు. పీడీఎఫ్‌ను ఎప్పుడూ 100 శాతం సైజులోనే ప్రింట్ చేయండి. బార్‌కోడ్ బొమ్మను మూల పట్టుకుని లాగి సాగదీయవద్దు.

గీతలకు రెండు పక్కలా ఉండే తెల్లని జాగా కూడా బార్‌కోడ్‌లో భాగమే. మామూలు సైజులో ఎడమవైపు 3.63, కుడివైపు 2.31 మిల్లీమీటర్లు ఖాళీగా వదలాలి. అందంగా ఉంటుందని చుట్టూ డబ్బా గీసినా, కత్తెరతో అంచుల్ని బిగించి కోసినా కోడ్ ఎక్కడ మొదలైందో స్కానర్‌కు తెలియదు. రంగుల్లో తెలుపు మీద నలుపే నా మాట. చాలా స్కానర్లు ఎర్రని కాంతి వాడతాయి, ఎర్రని గీతలు వాటికి తెల్లగానే కనిపిస్తాయి. మా అట్టలకు ఎరుపు చాలా నప్పుతుంది, అయినా బార్‌కోడ్ దగ్గర ఆ రంగును రానివ్వను.

డైరెక్ట్ థర్మల్ కాగితానికి సిరా అక్కర్లేదు, వేడికే నల్లబడుతుంది. పార్సిల్ ప్రయాణానికి అది చాలు. నెలల తరబడి అరలో ఉండే వస్తువు మీద మాత్రం సిరా పూసిన రిబ్బన్‌తో ముద్రించే లేబుల్ వాడండి, ఎండకూ వేడికీ తొందరగా వెలవదు. ముద్రించిన లేబుల్ మీద బొటనవేలితో గట్టిగా రుద్దండి. వేలికి నలుపు అంటితే దారిలో కచ్చితంగా చెరిగిపోతుంది.

రవాణా లేబుల్ సాధారణంగా 4 × 6 అంగుళాలు ఉంటుంది. పెట్టెకున్న పెద్ద సమతల ముఖం మీద, రెక్కలు కలిసే అతుకుకు దూరంగా అతికించండి. అతుకు మీద అతికిస్తే పెట్టె తెరవగానే లేబుల్ రెండుగా చీలుతుంది, మూల మీదుగా మడిస్తే సగం కోడ్ కనపడదు. మా వదిన ప్యాకింగ్ చూస్తారు. మెరిసే టేపు బార్‌కోడ్ మీద పడకూడదని చెప్పింది ఆవిడే. టేపు మీది మెరుపు స్కానర్ కాంతిని తిప్పికొడుతుంది. వాడిన పెట్టె అయితే పాత లేబుళ్లు పీకేయాలి, రానివాటిని నల్లని మార్కరుతో పూర్తిగా కప్పేయాలి. పది పెట్టెలు పంపుతుంటే పది వేర్వేరు లేబుళ్లు కావాలి, ఒకదాన్ని జిరాక్స్ తీసి అన్నిటికీ అతికిస్తే గిడ్డంగి లెక్కలో ఒకే పెట్టె వచ్చినట్టు పడుతుంది.

ఫోను కెమెరా బార్‌కోడ్‌కు పరీక్ష కాదు. వంకరైనా, చిన్నదైనా అది ఎలాగో చదివేస్తుంది. మామూలు లేజర్ స్కానర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ప్రతి రోలులో మొదటి లేబుల్, మధ్యలో ఒకటి, చివరిది దానితో చదివి, తెర మీది అంకెల్ని కాగితం మీది అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చండి. పెట్టె మూసే ముందు పంపేవారి, అందుకునేవారి చిరునామాలు రాసిన చీటీ ఒకటి లోపల వేయండి. పైన లేబుల్ ఊడిపోయినా పెట్టె తెరిచినవారికి అది ఎవరిదో తెలుస్తుంది.