పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ రెప్లికేషన్, లాగ్ ఆర్కైవింగ్ ఎలా పెట్టుకోవాలి?

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి తక్‌పట్టీల (అమ్మకం చీటీల) లెక్క ఒక్క పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌లోనే ఉంటే, డిస్కు పోయిన రోజు రైతుకు చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే అనంతపురంలో ఒకటి, కడపలో ఒకటి స్టాండ్‌బై (ప్రధాన సర్వర్‌కు ఎప్పటికప్పుడు నకలు ఉంచుకునే సర్వర్) పెడదాం. ఇలా నకలు పంపడమే రెప్లికేషన్. నకలు చేరిందని స్టాండ్‌బై చెప్పేదాకా ఆగితే అది సింక్రనస్. ఇక్కడి వివరాలు పోస్ట్‌గ్రెస్ 12, ఆపై వెర్షన్లకు. సెట్టింగ్ పేర్లను ఫైల్లో ఇంగ్లిష్ అక్షరాలతోనే రాయాలి, మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది.

ముందు ఆర్కైవింగ్, అంటే డేటాబేస్‌లో ప్రతి మార్పూ రాసుకునే లాగ్ ఫైళ్లను వేరేచోట దాచడం. ఎవరైనా పొరపాటున టేబుల్ మొత్తం డిలీట్ చేస్తే అది క్షణాల్లో స్టాండ్‌బైలకూ పాకుతుంది. అప్పుడు ఆదుకునేది పాత బేస్ బ్యాకప్ (మొత్తం డేటాబేస్ కాపీ), దానితో పాటు ఆర్కైవ్ లాగులే. ఆర్కైవ్_మోడ్ ఆన్ చేసి సర్వర్ రీస్టార్ట్ చేయండి, రీలోడ్ (సర్వర్ ఆపకుండా సెట్టింగ్‌లు మళ్లీ చదివించడం) చాలదు. ఆర్కైవ్_కమాండ్ లాగులను వేరే మిషన్‌కు కాపీ చేయాలి. అదే పేరుతో ఫైలు అక్కడ ముందే ఉంటే దాని మీద రాయకుండా ఫెయిలవ్వాలి. లాగ్ ఫైలు మామూలుగా 16 ఎంబీ, నిండితే గాని కదలదు. బేరాలు తక్కువున్న రోజుల కోసం ఆర్కైవ్_టైమౌట్ 300 సెకన్లు పెట్టండి.

కాపీ ఫెయిలవుతున్నంతకాలం లాగులుండే పీజీ_వాల్ ఫోల్డర్ పెరుగుతూనే ఉంటుంది. డిస్కు నిండితే సర్వర్ ఆగిపోతుంది. ఆ ఫైళ్లను చేత్తో మాత్రం చెరపకండి, డేటాబేసే లేవకుండా పోవచ్చు. పీజీ_స్టాట్_ఆర్కైవర్ అనే వ్యూలో ఫెయిల్డ్_కౌంట్ (ఫెయిలైన సార్ల లెక్క) రోజూ చూడాలి.

ఇక స్టాండ్‌బైలు. రెప్లికేషన్ హక్కున్న యూజర్‌ను సృష్టించి, ఎవరు కనెక్ట్ కావచ్చో చెప్పే పీజీ_హెచ్‌బీఏ ఫైల్లో రెండు ఐపీలకూ అనుమతి ఇవ్వండి. పీజీ_బేస్‌బ్యాకప్‌ను క్యాపిటల్ ఆర్ ఆప్షన్‌తో నడిపితే స్టాండ్‌బై సిగ్నల్ ఫైలు, కనెక్షన్ వివరాలు అదే రాసిపెడుతుంది. ఆ వివరాల్లో అప్లికేషన్_నేమ్‌గా ఒకదానికి అనంత, రెండోదానికి కడప అని చేర్చండి.

రెండూ కనెక్ట్ అయ్యాకే కర్నూలు సర్వర్‌లో సింక్రనస్_స్టాండ్‌బై_నేమ్స్‌కు 'ఎనీ 1 (అనంత, కడప)' అని ఇచ్చి రీలోడ్ చేయండి. అంటే రెండింటిలో ఏ ఒక్కటి అందుకున్నా చాలు. ముందే ఇస్తే కమిట్‌లన్నీ (ఎంట్రీని ఖాయం చేసే పనులు) వేలాడతాయి. ఒక్క స్టాండ్‌బైతో సరిపెట్టుకోవద్దనేది కూడా ఇందుకే: అనంతపురం ఒక్కటే ఉండి అక్కడ లైన్ తెగితే కర్నూలులో బిల్లు ఆగుతుంది, ఎర్రర్ కూడా రాదు. రెండూ పోతే ఈ సెట్టింగ్ ఖాళీ చేసి రీలోడ్ చేయడమే దారి.

వేలాడుతున్న కమిట్‌ను క్యాన్సిల్ చేసినా ఆ ఎంట్రీ కర్నూలు సర్వర్‌లో అప్పటికే పడి ఉంటుంది. వార్నింగ్‌లో ఆ మాటే ఉంటుంది. చదవకుండా మళ్లీ కొడితే ఒకే తూకానికి రెండు తక్‌పట్టీలు వస్తాయి.

చివరగా పీజీ_స్టాట్_రెప్లికేషన్ వ్యూలో సింక్_స్టేట్ చూడండి. రెండింటికీ క్వోరమ్ అని ఉండాలి. ఎసింక్ (సింక్రనస్ కాదు) అని కనబడితే అప్లికేషన్_నేమ్ ఎక్కడో తప్పు పడినట్టే.