వివాదాస్పద సాంకేతిక పదాల మార్పుపై చర్చ నడిపే విధానం
విజయనగరంలోని ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు బృందాలు, ఒక భాగం ఆదేశిస్తే మరొకటి పాటించే ఏర్పాటుకు వాడే ‘మాస్టర్–స్లేవ్’ (యజమాని–బానిస) వంటి పేర్లను మార్చాలా వద్దా అని చర్చించే ముందు, అవి కోడ్‌లో, సెట్టింగుల్లో, వివరణ పత్రాల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి జాబితా రాసుకోవాలి. పత్రాల్లో మార్పు తేలికే. అయితే ఇతర ప్రోగ్రాములు ఆధారపడిన పేరును ఒక్కసారిగా తీసివేస్తే అవి ఆగిపోతాయి కనుక, 2018లో రెడిస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్, ఒక సర్వర్‌ను మరొకదానికి నకలుగా మార్చే ‘రెప్లికాఆఫ్’ ఆదేశాన్ని తెచ్చినప్పుడు పాత ‘స్లేవ్‌ఆఫ్’ను కూడా పనిచేయనిచ్చినట్లు, కొంతకాలం రెండింటినీ ఉంచాలి. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగం) ప్రాజెక్టు ఇలాంటి పదాలు వాడకూడదనే నియమాన్ని 2020లో ప్రధానంగా కొత్త కోడ్‌కే పెట్టుకుంది. చిన్న బృందాలకు ఈ మార్గమే మేలని నా అభిప్రాయం.

బానిసత్వాన్ని గుర్తుచేసే మాట తమను నొప్పిస్తోందని ఎవరైనా చెబితే, చిన్న విషయమంటూ కొట్టిపారేయడం అన్యాయం; వారిని పూర్తిగా చెప్పనివ్వాలి. ఎంచుకునే పేరు పనిని స్పష్టంగా తెలపాలి: ‘ప్రైమరీ–రెప్లికా’ (అసలు–నకలు) డేటాబేసు నకళ్లకు సరిపోతుంది గాని, పని పంచే ప్రోగ్రాముకు సరిపోదు. తుది నిర్ణయాన్ని కారణాలతో సహా ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో నమోదు చేయాలి.