అణ్వాయుధాలపై స్టడీ సర్కిల్ పెట్టుకోవాలంటే: తిరుపతి విద్యార్థులకు నా పద్ధతి

తిరుపతిలో పీజీ పిల్లలకు రాజనీతి శాస్త్రం చెబుతాను. ఆదివారం పొద్దున కొందరు విద్యార్థులతో కూర్చుని అణు నిరాయుధీకరణ గురించి చదువుతాం. రేణిగుంట, చంద్రగిరి, శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. "మేడమ్, మా కాలేజీలో కూడా ఇలాంటిది పెట్టుకోవాలంటే ఎట్లా?" అని అడుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

మొదటి రోజే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: ఇవన్నీ మాట్లాడితే దేశానికి వ్యతిరేకులం అంటారా? దాన్ని దాటవేయకండి. సమాధానం మన దేశ చరిత్రలోనే ఉంది. 1954 ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో అణు పరీక్షలు ఆపాలని అడిగారు. 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో 2010 నాటికి అణ్వాయుధాలు లేని ప్రపంచం కోసం ఒక ప్రణాళిక పెట్టారు. అణ్వాయుధాల వాడకాన్ని నిషేధించే ఒప్పందం కావాలంటూ 1982 నుంచి ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో తీర్మానం పెడుతున్నది భారతదేశమే. వీటి పక్కనే 1974, 1998 పోఖ్రాన్ పరీక్షలు కూడా బోర్డు మీద రాయండి. అన్నీ మన దేశం చేసినవే. ఒకటి చూపించి ఇంకోటి దాస్తే వచ్చే వారం ఎవరూ రారు, రాకపోవడం న్యాయమే.

రెండో వారం ఒప్పందాలు. వాటి గురించి ఎవరో రాసిన వ్యాసాలు వద్దు, అసలు పాఠమే చదవండి. 1970లో అమల్లోకి వచ్చిన అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఉన్నవి 11 అధికరణాలే. జిరాక్స్ తీసి, మనిషికి ఒకటి పంచి, దాని అర్థం తెలుగులో చెప్పమనండి. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కానట్టే. 6వ, 9వ అధికరణాల దగ్గర ఎక్కువసేపు ఆగండి. నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరపాలని 6వది చెబుతుంది. 1967 జనవరి 1 కంటే ముందే బాంబు తయారుచేసి పేల్చినవాళ్లే అణు దేశాలని 9వది చెబుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, అది వివక్షతో కూడిన ఒప్పందమని భారత్ ఎందుకు సంతకం చేయలేదో, అణు దేశాలు మాట నిలబెట్టుకోలేదని మిగతా ప్రపంచం ఎందుకు కోప్పడుతుందో పిల్లలకే తెలుస్తుంది. తర్వాత 2017 నాటి అణ్వాయుధ నిషేధ ఒప్పందం చదవండి. 122 దేశాలు దానికి ఓటేశాయి, 2021 జనవరి 22న అమల్లోకి వచ్చింది. బాంబులున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ చేరలేదు. ఆ చర్చలకు మన దేశం వెళ్లలేదు కూడా.

మూడో వారం మ్యాప్. చరిత్రకారుడు అలెక్స్ వెల్లర్‌స్టీన్ తయారుచేసిన న్యూక్‌మ్యాప్ అనే సైట్ ఉచితం, ఫోన్‌లోనే చూడొచ్చు. ఒక ఊరి మీద బాంబు పడితే దెబ్బ ఎంతదూరం తగులుతుందో మ్యాప్ మీద వలయాలుగా చూపిస్తుంది. హిరోషిమా బాంబు సైజు, అంటే 15 కిలోటన్నులు (15 వేల టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థంతో సమానం) పెట్టి తిరుపతి రైల్వే స్టేషన్ మీద చూడండి. లాహోర్ మీద పెడదామని కుర్రాళ్లు సరదాపడతారు, మొదటిసారి ఒప్పుకోవద్దు. రుయా, స్విమ్స్ ఆస్పత్రులు ఏ వలయానికి ఎంత దగ్గరగా ఉన్నాయో కొలవమనండి. బతికి బయటపడినవాళ్లకు సెలైన్ ఎవరు పెడతారని అడగండి. హిరోషిమాలో డాక్టర్లు, నర్సుల్లో పది మందికి తొమ్మిది మంది చనిపోవడమో గాయపడటమో జరిగిందని అప్పుడు చెప్పండి. ఆ తర్వాత కావాలంటే లాహోర్ పెట్టి చూడొచ్చు, అప్పుడు ఎవరికీ నవ్వు రాదు.

బాగా మాట్లాడే ఇద్దరికి బాంబు ఉండాలనే వాదన అప్పగించండి, అది గట్టిగా ఉండాలి. 1962 యుద్ధం జరిగిన రెండేళ్లకే చైనా అణు పరీక్ష చేసింది. ఉక్రెయిన్ తన గడ్డమీదున్న సోవియట్ బాంబులు వదులుకుంది, 1994లో బుడాపెస్ట్‌లో భద్రతా హామీలు తీసుకుంది, చివరికి రష్యా దాడికి గురైంది. ఆ బాంబులను ప్రయోగించే నియంత్రణ మాస్కో చేతిలోనే ఉండేదని జవాబు చెప్పొచ్చు గానీ, హామీ విలువ పోయిందన్న బాధ దాంతో తీరదు. తీరినట్టు నటించకండి.

అలాగని నిరాశతో ఇంటికి పంపడం తప్పు. 1980ల నడుమ ప్రపంచంలో సుమారు 70,000 అణు వార్‌హెడ్లు ఉండేవి, ఇప్పుడు దాదాపు 12,000. దక్షిణాఫ్రికా సొంతంగా తయారుచేసుకున్న బాంబులను తానే విప్పేసి, 1991లో వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది కజకిస్తాన్ కథ. అక్కడి సెమిపలాటిన్స్క్‌లో 40 ఏళ్లలో 450కి పైగా సోవియట్ అణు పరీక్షలు జరిగాయి. 1989లో ఒల్జాస్ సులేమనోవ్ అనే కవి టీవీలో తన కవిత చదవాల్సిన సమయంలో ఆ పరీక్షల గురించి మాట్లాడాడు. జనం ఉద్యమంగా కదిలారు, 1991 ఆగస్టు 29న ఆ పరీక్షా కేంద్రం మూతపడింది. ఈ కథకు ఒక గంట పూర్తిగా ఇవ్వండి.

(శ్రీహరికోట మన జిల్లాలోనే ఉంది కాబట్టి రాకెట్‌కీ క్షిపణికీ తేడా ఏమిటని తప్పకుండా అడుగుతారు. ఫిజిక్స్ విభాగం నుంచి ఒకరిని పిలుచుకోండి.)

ఇక ప్రభుత్వాన్ని అడగడం. "అణ్వాయుధాలు వద్దు" అని బ్యానర్ పట్టుకుంటే ఫొటో వస్తుంది, జవాబు రాదు. జవాబు చెప్పక తప్పని చిన్న ప్రశ్న తయారుచేయండి. ఉదాహరణకు: ముందుగా అణ్వాయుధం వాడబోమని 2003లో అధికారికంగా ప్రకటించిన విధానం అలాగే ఉందా? నిషేధ ఒప్పంద దేశాల సమావేశానికి పరిశీలకులుగా వెళ్లే ఆలోచన ఉందా? ఇలాంటి ప్రశ్న అడగమని మీ ఎంపీకి ఒక పేజీ ఉత్తరం రాయండి. పార్లమెంటులో ప్రశ్నకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కాబట్టి సమావేశాలు మొదలవడానికి చాలా ముందే ఉత్తరం చేరాలి. పాత జవాబులు లోక్‌సభ సైట్‌లో ఉంటాయి, ముందు అవి చదవండి. ఇప్పటికే జవాబిచ్చిన ప్రశ్న పంపితే పరువు పోతుంది.

పబ్లిక్ మీటింగ్ పెట్టాలనుకుంటే సెప్టెంబరు 26 చూసుకోండి, అది అణ్వాయుధాల సంపూర్ణ నిర్మూలన కోసం ఐక్యరాజ్యసమితి పెట్టిన రోజు. ఇంటర్నల్ పరీక్షల తేదీలతో ఢీకొట్టకుండా హాలు బుక్ చేసుకోండి. ఎంపీ ఆఫీసు నుంచి జవాబు వస్తే దాన్నీ ఒప్పందం చదివినట్టే వాక్యం వాక్యం చదివి, మీరు అడిగినదాంట్లో దేనికి సమాధానం రాలేదో కింద గీత గీయండి. తర్వాతి ఉత్తరం ఆ గీత గీసిన చోటినుంచే మొదలుపెట్టండి.