విమాన ప్రదర్శనలో కెమెరా – 3వ పాఠం: రెక్క తిరుగుతున్నట్టే కనపడాలి

గత పాఠంలో జెట్ విమానాల కోసం షట్టర్ స్పీడ్‌ని (షట్టర్ తెరుచుకుని ఉండే సమయాన్ని) 1/2000 దాకా, అంటే సెకనులో రెండువేలవ వంతు దాకా తీసుకెళ్లాం. తేజస్ లాంటివాటికి అది సరిపోతుంది. చిక్కేమిటంటే చెయ్యి దానికే అలవాటు పడిపోతుంది. జెట్ వెళ్లిపోయి హెలికాప్టర్లు వచ్చినా అదే సెట్టింగ్‌తో తీసుకుంటూ పోతాం.

బెంగళూరు దగ్గర యలహంకలో వాయుసేన హెలికాప్టర్ విన్యాసాల బృందం సారంగ్‌ని మొదటిసారి తీసినప్పుడు నేను చేసింది అదే. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే అన్నీ పదునుగానే ఉన్నాయి. వాళ్ల ధ్రువ్ హెలికాప్టర్ మీది నెమలి రంగులు, పైలట్ హెల్మెట్ అన్నీ స్పష్టం. రోటర్ రెక్కలు మాత్రం నాలుగూ కర్రల్లా బిగుసుకుపోయాయి. ఇంజన్ ఆగిపోయిన హెలికాప్టర్‌ని దారం కట్టి ఆకాశంలో వేలాడదీసినట్టుంది. మైదానంలో గుండెకు తగిలిన ఆ మోత ఒక్క ఫోటోలోనూ లేదు. చాలా బాధేసింది.

ఎందుకలా అయిందో లెక్క చూద్దాం. ధ్రువ్ రోటర్ నిమిషానికి సుమారు 300 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 5 చుట్లు, 1800 డిగ్రీలు. షట్టర్ 1/2000 దగ్గర ఉంటే, అది తెరుచుకుని ఉన్న సమయంలో రెక్క ఒక్క డిగ్రీ కూడా కదలదు. 1/125 దగ్గర 14 డిగ్రీలు, 1/60 దగ్గర 30 డిగ్రీలు కదులుతుంది. నాలుగు రెక్కల మధ్య దూరం 90 డిగ్రీలు కాబట్టి, 1/60లో ఒక్కో రెక్క తన ముందున్న ఖాళీలో మూడో వంతు నింపేస్తుంది. అప్పుడు చూసేవాళ్లకి అది తిరుగుతున్నట్టు తెలుస్తుంది.

ఇది నేర్చుకోవడానికి ప్రదర్శన దాకా ఆగక్కర్లేదు. మీ ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ కూడా దాదాపు అదే వేగంతో తిరుగుతుంది. పగటిపూట కిటికీలు తెరిచి, లైట్లు ఆర్పేసి (ఎల్‌ఈడీ వెలుతురులో ఫోటో మీద చారలు పడొచ్చు), నేల మీద పడుకుని ఫ్యాన్‌ని తీయండి. మొదట 1/1000, తర్వాత వరుసగా 1/250, 1/125, 1/60. నాలుగు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఏ దగ్గర రెక్క ప్రాణం పోసుకుందో మీ కంటికే తెలుస్తుంది. నేను ఎన్ని వాక్యాలు రాసినా ఆ నాలుగు ఫోటోలకు సాటిరావు.

ఇక మైదానంలో. ఎండ బాగా ఉన్నప్పుడు ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుని గ్రహించే స్థాయి) 100 పెట్టినా, 1/60కి అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/20 దాకా మూసుకుపోతుంది. అంత మూస్తే లెన్సు పదును తగ్గుతుంది. పైగా సెన్సర్ మీది దుమ్ము నీలాకాశంలో నల్ల మచ్చలై ప్రతి ఫోటోలోనూ కనబడుతుంది. అందుకే బ్యాగులో ఒక ఎన్‌డీ4 ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే నల్లద్దం) ఉంచుకోండి. అది రెండు స్టాపుల వెలుతురు తగ్గిస్తుంది, అంటే నాలుగో వంతే లోపలికి వస్తుంది, అపెర్చర్ మళ్లీ ఎఫ్/10 దగ్గరికి వస్తుంది. పెద్ద జూమ్ లెన్సుల ముందు గాజు వెడల్పు ఎక్కువ, దానికి సరిపడే ఫిల్టర్ ఖరీదు కూడా ఎక్కువే. కొనలేకపోతే 1/160 దగ్గర ఆగండి. రెక్క కొంచెమే చెదురుతుంది గానీ కర్రలా మాత్రం ఉండదు.

ఇంత నెమ్మది షట్టర్‌తో 400 మి.మీ. దగ్గర తీయడం కష్టం. చేతిలో పట్టుకుని తీసేటప్పుడు మామూలుగా 1/400 కావాలంటారు, 1/125 పెడితే మనం అందులో మూడో వంతు వేగంతో తీస్తున్నట్టు. అందుకని లెన్సుకన్నా ముందు ఒళ్లు కుదరాలి. హెలికాప్టర్ మీకు ఎదురుగా వచ్చే చోటు ముందే ఊహించుకుని పాదాలు అటువైపు పెట్టండి. ఆ తర్వాత నడుము మాత్రమే వెనక్కి తిప్పి, వస్తున్నదాన్ని వ్యూఫైండర్‌లో పట్టుకోండి. అది దగ్గరికొచ్చే కొద్దీ మీ నడుము సడలుతూ వస్తుంది, సరిగ్గా ఎదురుగా వచ్చేసరికి ఒంట్లో ఏ బిగువూ ఉండదు. బటన్ నొక్కాల్సింది అప్పుడే. చాలామంది వస్తున్నవైపే పాదాలు పెట్టి నిలబడతారు. అసలు క్షణం వచ్చేసరికి నడుము మెలిపడి చెయ్యి వణుకుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి. బటన్ నొక్కాక కూడా తిప్పడం ఆపకండి. స్టెబిలైజర్‌ని (లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటుని) ప్యానింగ్ మోడ్‌లో, అంటే కెమెరాని పక్కకి తిప్పుతూ తీసే మోడ్‌లో పెట్టండి, చాలా లెన్సుల్లో అది మోడ్ 2.

2021లో యలహంకలో జరిగిన ఏరో ఇండియా ప్రదర్శనలో వాయుసేన జెట్ బృందం సూర్యకిరణ్ హాక్ విమానాలు, సారంగ్ ధ్రువ్‌లు కలిసి ఎగిరాయి. అలా రెండూ ఒకే ఫ్రేములో ఉంటే ఏ స్పీడ్ పెట్టాలి? రోటర్‌కి తగ్గట్టే పెట్టండి. కలిసి ఎగరాలంటే జెట్లు హెలికాప్టర్ల వేగానికి తగ్గాల్సిందే. మీరు ఒకదాన్ని సరిగ్గా అనుసరిస్తే రెండోది కూడా పదునుగానే వస్తుంది.

ప్రొపెల్లర్ విమానాలకు ఇంత నెమ్మది అక్కర్లేదు. పిలాటస్ శిక్షణ విమానం ప్రొపెల్లర్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంది కాబట్టి 1/320 దగ్గరే రెక్క దాదాపు 40 డిగ్రీలు పరుచుకుంటుంది. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వైపు ఉండేవాళ్లకి ఆ విమానాల మోత రోజూ వినబడుతుంది. అలాగని అకాడమీ గోడ పక్కన నిలబడి కెమెరా బయటికి తీయకండి. అది రక్షణ ప్రాంతం, అక్కడ ఫోటోలు నిషేధం.

ముప్పై ఫోటోల్లో మూడు పదునుగా వస్తే సంతోషించండి. నాకిప్పటికీ అంతే వస్తాయి. ముందు 1/250తో కొన్ని తీసి భద్రం చేసుకుని, ఆ తర్వాతే 1/160కి, 1/125కి దిగండి. స్క్రీన్ మీద మొత్తం బొమ్మ చూసి తృప్తి పడొద్దు. తోక మీద రాసిన అక్షరాల దాకా పెద్దది చేసి చూడండి. అవి చదవగలిగితేనే అది ఉంచుకోదగ్గ ఫోటో.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని: ఫ్యాన్ ఫోటోలు నాలుగు. ఆ తర్వాత రోడ్డు పక్కన బస్టాపులో సురక్షితమైన చోట నిలబడి, 200 మి.మీ., 1/125తో వెళ్తున్న ఆర్టీసీ బస్సుల్ని వంద సార్లు తీయండి. బస్సు మీద ఊరి పేరు చదవగలిగేలా, చక్రాలు తిరుగుతున్నట్టు కనబడేలా పది ఫోటోలు వచ్చేదాకా వదలొద్దు.