పీవీసీ గొట్టాలతో 1:100 స్కేలు ఎల్‌వీఎం3 నమూనా కట్టడం ఎలా?

రాకెట్ నమూనాలు కట్టాలనుకునేవారు ముందుగా స్కేలు విషయంలో ఒక నిర్ణయానికి రావాలి. నా దృష్టిలో 1:100 (అసలుదానిలో నూరోవంతు) తప్ప మరొకటి ఎంచుకోకూడదు. విదేశీ కిట్లు చాలావరకు 1:144లో వస్తాయి గనుక అదే ప్రమాణమని కొందరు భ్రమపడతారు. అయితే మన ఇస్రో భారీ రాకెట్టు ఎల్‌వీఎం3 మధ్యభాగపు వ్యాసం 4 మీటర్లు, ఇరుపక్కలనుండి పైకి నెట్టే ఘన ఇంధనపు ఎస్200 బూస్టర్లది 3.2 మీటర్లు, ఉపగ్రహాన్ని కప్పే హీట్‌షీల్డుది 5 మీటర్లు. వ్యవసాయానికి వాడే బూడిదరంగు పీవీసీ గొట్టాలు సరిగ్గా 40, 32, 50 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసంతో అమ్ముతారు. ఇంతటి సదుపాయాన్ని కాదని త్రీడీ ప్రింటరు కోసం పరుగెత్తేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది.

చెన్నైలో ప్యారిస్ కార్నర్ వైపు హార్డ్‌వేర్ దుకాణాల్లో అంగుళాల లెక్కన అడగకండి. అడిగితే తెల్లటి ప్లంబింగు గొట్టం చేతికిస్తారు, ఒక అంగుళం తెల్లగొట్టం వెలుపలి వ్యాసం 33.4 మిల్లీమీటర్లుంటుంది. గొట్టాలతోపాటు హాక్సా బ్లేడు, గరుకు కాగితం, రెండడుగుల అల్యూమినియం ఎల్-యాంగిల్, నెమ్మదిగా గట్టిపడే అరల్డైట్ జిగురు, 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, ఒక గాజుపలక ఉంటే చాలు.

కోయడానికి ముందే ఏ ప్రయోగాన్ని నమూనాగా తీసుకుంటున్నారో తేల్చుకోవాలి. 2014 డిసెంబరు 18న ఎగిరిన మొదటి ప్రయోగాత్మక రాకెట్టుకూ, 2017 జూన్ 5న ఎగిరినదానికీ పైభాగపు ఆకారంలో తేడా ఉంది. రెండోదానిలో బూస్టర్ల ముక్కులు ఏటవాలుగా ఉంటాయి. మొత్తం ఎత్తు 43.5 సెంటీమీటర్లు, బూస్టర్లు సుమారు 26 సెంటీమీటర్లు వచ్చేలా కోసి, అంచులను గాజుపలకపై పరచిన గరుకు కాగితం మీద రుద్ది చదును చేయాలి. ముక్కులను బాల్సా అనే తేలికపాటి చెక్కతో చెక్కి పుట్టీ పూయవచ్చు. మధ్యభాగం అడుగున వికాస్ ఇంజన్లు రెండు ఉంటాయి కాబట్టి మంట వెలువడే నాజిళ్లూ రెండే పెట్టాలి. ఒక్కటే పెట్టినవాటిని నేను ఎన్నో చూశాను.

ఇక నూటికి తొంభై నమూనాలు చెడిపోయేది బూస్టర్లు అతికించే దగ్గరే. అవి మధ్యగొట్టానికి సరిగ్గా ఎదురెదురుగా, దానికి సమాంతరంగా నిలవాలి. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. గొట్టం చుట్టూ ఒక కాగితపు పట్టీని బిగువుగా చుట్టి, రెండు కొసలు కలిసిన చోట కోసి, విప్పి సగానికి మడవండి. ఆ మడత చుట్టుకొలతలో సరిగ్గా సగాన్ని చూపిస్తుంది, లెక్క అక్కర్లేదు. పట్టీని మళ్లీ చుట్టి, కొసలు కలిసిన చోటా మడత వద్దా గుర్తులు పెట్టండి. ఆ గుర్తుల నుంచి పొడవునా గీత గీయడానికి ఎల్-యాంగిల్‌ను గొట్టం మీద బోర్లించాలి. దాని రెండు రెక్కలూ గొట్టానికి ఆనుకున్నప్పుడు అంచు తనంతట తానే గొట్టం అక్షానికి సమాంతరమవుతుంది. బూస్టర్ల మీద కూడా ఒక్కొక్క గీత గీయండి.

ఇప్పుడు మూడు గొట్టాలనూ గాజుపలక మీద పక్కపక్కన పడుకోబెట్టి వెంటనే అతికించేయాలనిపిస్తుంది. అలా చేయవద్దు. మధ్యగొట్టం కేంద్రం పలక నుంచి 20 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, బూస్టరు కేంద్రం 16 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది. అందుకే బూస్టర్ల కింద 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు పెట్టి ఎత్తాలి. నా మొదటి నమూనాకు ఈ పని చేయలేదు. ముందునుంచి చూస్తే అది ముచ్చటగానే ఉండేది. కానీ అడుగునుంచి చూస్తే మూడు వలయాలూ ఒక వరుసలో లేక, బూస్టర్లు రెండూ ఒకే పక్కకు జారినట్లు కనిపించేవి. దాన్ని విడదీయబోతే గొట్టమే చీలింది.

గీసిన గీతలు ఎదురెదురుగా వచ్చేలా చూసుకుని, అతికే చోట్ల గొట్టాలను గరుకు చేసి, పైనా కిందా మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ ముక్కలు పెట్టి, అరల్డైట్ రాసి, రబ్బరు బ్యాండ్లు చుట్టి, ఇరుపక్కలా బరువైన పుస్తకాలు ఆనించండి. ఫెవిక్విక్ వాడేవారికి సరిదిద్దుకునే వ్యవధి ఉండదు, పీవీసీ గమ్ము గొట్టాన్ని మెత్తబరచి వెంటనే పట్టేస్తుంది. పది నిమిషాల తరువాత అడుగువైపు మూడు కేంద్రాల మీదుగా ఒక దారం లాగి చూడండి. దారం ఏ కేంద్రానికైనా తప్పితే ఆ క్షణమే సర్దండి. రాత్రంతా కదపకండి.

రంగులకు ప్రైమరు, తెలుపు, వార్నిష్ చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై మేడ మీద స్ప్రే చేయవద్దు, గాలిలోని తేమకు వార్నిష్ పాలిపోతుంది.

ఊహాచరిత్ర నమూనా, అంటే చరిత్ర వేరుగా జరిగి ఉంటే వచ్చే రాకెట్టు, కట్టాలనుకునేవారు చరిత్రలో ఒక్క మలుపునే మార్చాలి. అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే క్రయోజనిక్ ఇంజన్ల పరిజ్ఞానం కోసం 1991లో సోవియట్ సంస్థతో కుదిరిన ఒప్పందం 1993లో అమెరికా ఒత్తిడి వల్ల సాంకేతికత బదిలీ లేకుండా మిగిలింది. స్వదేశీ క్రయోజనిక్ దశతో ఇస్రో రాకెట్టు జీఎస్‌ఎల్‌వీ తొలిసారి విజయవంతమైనది 2014 జనవరి 5న. ఆ బదిలీ జరిగి ఉంటే ఎల్‌వీఎం3 పదేళ్లు ముందే ఎగిరి మనుషులను మోసేదనుకుని నేనొకటి కట్టాను. గొట్టాలు అవే, 50 మిల్లీమీటర్ల ముక్క తీసేసి వ్యోమగాముల గది, దానిపైన ప్రమాదంలో ఆ గదిని రాకెట్టు నుంచి లాగేసే తప్పించుకునే బురుజు పెట్టాను. అందం కోసం నాలుగు బూస్టర్లు తగిలిస్తే, వాటిని మోసే ప్రయోగ వేదికను కూడా మీరే ఊహించి కట్టవలసి వస్తుంది. బురుజుకు ఖాళీ బాల్‌పెన్ రీఫిల్ సరిపోతుంది. అయితే సిరా పూర్తిగా కడిగాకే తెల్లరంగు వేయండి, లేకుంటే వారం తిరిగేసరికి నీలం పైకి ఊరుతుంది.