విమాన నిర్వహణ పత్రాలు – 5వ పాఠం: సగంలో ఆగిన పనిని రాయడం

కిందటి పాఠం చివర ఒక ఎంట్రీ ఇచ్చి, అందులో ఏమేమి లేవో రాయమన్నాను. “చక్రం మార్చాం. సరిగ్గా ఉంది.” అంతే ఎంట్రీ. ముందు దాని సంగతి తేల్చుకుందాం. ఏ చక్రం? ముక్కు కిందిదా, రెక్క కిందిదా? రెక్క కిందిదైతే ఎడమా, కుడా, లోపలిదా, బయటిదా? తీసిన చక్రం సీరియల్ నంబరు లేదు, బిగించిన దాని నంబరూ లేదు. మాన్యువల్‌లో ఏ అంశం చూసి చేశారో లేదు. ల్యాండింగ్ గేర్ పనులు 32వ అధ్యాయంలో ఉంటాయని ఇంతకుముందే చెప్పుకున్నాం. యాక్సిల్ నట్టును ఎంత టార్క్‌తో, అంటే ఎంత తిప్పుడు బలంతో బిగించారు, ఏ రెంచితో బిగించారు, టైరులో గాలి పీడనం ఎంత? ఇవన్నీ పట్టుకున్నవారు బాగా చదివినట్టే. కానీ నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఆ చివరి రెండు మాటలు. “సరిగ్గా ఉంది” అనేది రాసినవాడి నమ్మకం. చదివేవాడికి కావలసింది కొలత.

“మాన్యువల్ ప్రకారం చేశాం” అని చేరిస్తే సరిపోదా అని అడిగేవారు ప్రతిసారీ ఉంటారు. సరిపోదు. 1980లో హాంకాంగ్‌లో దిగుతూ తోక నేలకు రాసుకున్న ఒక బోయింగ్ 747కు మరమ్మతు జరిగింది. మరమ్మతుల మాన్యువల్ ప్రకారమే చేసినట్టు రికార్డులో ఉంది. నిజానికి గీతలు పడిన రేకును తీసేయకుండా దాని మీదే అతుకు వేశారు. దెబ్బతిన్న చోటునంతా ఆ అతుకు కప్పలేదు కూడా. ఈ విషయం బయటపడింది 2002లో, చైనా ఎయిర్‌లైన్స్ 611వ ఫ్లైట్‌గా బయలుదేరిన అదే విమానం గాలిలో ముక్కలై 225 మంది చనిపోయిన తర్వాత. 22 ఏళ్లపాటు ఆ వాక్యాన్ని చదివినవాళ్లందరూ నమ్మారు.

ఇక ఈనాటి పాఠం. తప్పుగా రాసిన ఎంట్రీ కనీసం కంటికి కనిపిస్తుంది. రాయని ఎంట్రీని వెతకడం ఎలా? అది ఎక్కువగా పుట్టేది షిఫ్టు మారే గంటలో.

1991 సెప్టెంబరు 10 రాత్రి, హ్యూస్టన్. కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ సంస్థకు చెందిన ఎంబ్రాయర్ 120, రెండు టర్బోప్రాప్ ఇంజన్ల చిన్న విమానం, హ్యాంగర్‌లో ఉంది. దాని తోక ఇంగ్లీషు ‘టి’ అక్షరంలా ఉంటుంది: నిలువు రెక్క కొసన అడ్డ రెక్క. ఆ అడ్డ రెక్క (హారిజాంటల్ స్టెబిలైజర్) ముందు అంచుకు, మంచును వదలగొట్టే రబ్బరు బూట్లు ఉంటాయి. వాటిని మార్చాలి. రెండో షిఫ్టులో పని మొదలైంది. సాయంగా పైకెక్కిన ఇన్‌స్పెక్టర్ కుడివైపు పై స్క్రూలు విప్పి, అటునుంచి ఎడమవైపుకు వెళ్లి అక్కడి పైవరుస కూడా విప్పాడు. ఎడమవైపు విప్పినవి 47.

షిఫ్టు మారింది. వచ్చినవాళ్లు కుడివైపు బూటు మార్చి, స్క్రూలు బిగించి, విమానాన్ని సర్వీసుకు వదిలారు. ఎడమవైపు పనే మొదలు కాలేదని అనుకున్నారు, ఎందుకంటే మొదలైందని ఏ జాబ్ కార్డూ (చేయాల్సిన, చేసిన పని రాసే కార్డు) చెప్పలేదు. పైవరుసలో ఖాళీ రంధ్రాలు మిగిలాయి. ముందు అంచును కింది వరుస స్క్రూలు మాత్రమే పట్టుకుని ఉన్నాయి. బయలుదేరే ముందు చుట్టూ తిరిగి చూసే పైలటుకు అంత ఎత్తున ఉన్న పైభాగం నేల మీద నుంచి కనిపించదు. మర్నాడు పొద్దున విమానం లారెడోకు క్షేమంగా వెళ్లింది కూడా. తిరిగి వస్తూ హ్యూస్టన్ వైపు దిగుతుండగా ఎడమ ముందు అంచు ఊడిపోయింది. ముక్కు ఒక్కసారిగా కిందికి వాలి, విమానం గాలిలోనే విరిగి, టెక్సస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర పడింది. విమానంలో ఉన్న 14 మందీ చనిపోయారు.

ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేసి “రాయలేదు, అందుకే ఇలా అయింది” అంటారు. నిజానికి ఆ ఇన్‌స్పెక్టర్ రాశాడు. తమ షిఫ్టు అప్పగింత కాగితంలో, బూట్లు తీయడానికి సాయం చేశానని రాశాడు. అయితే తర్వాతి షిఫ్టు ఇన్‌స్పెక్టర్ ముందుగానే వచ్చి, ఆ వాక్యం పడకముందే కాగితం చదివేశాడు. మళ్లీ ఎందుకు చూస్తాడు? ఒకవేళ చూసినా, ఎన్ని స్క్రూలు, ఏ వైపువి అన్నది “సాయం చేశాను” అనే మాటలో ఎక్కడుంది? ఆలస్యంగా రాసినా, అస్పష్టంగా రాసినా చదివేవాడికి అది రాయనట్టే.

కాబట్టి నేర్చుకోవలసిన అలవాటు ఇది: పని ముగిశాక కాదు, విప్పిన వెంటనే రాయాలి. మొదటి స్క్రూ చేతికి వచ్చినప్పుడే ఎంట్రీ తెరవండి. తెరిచిన ఎంట్రీ మూతపడనిదే విమానాన్ని సర్వీసుకు విడుదల చేస్తూ సంతకం పెట్టకూడదు. అంటే మీరు ఇంటికి వెళ్లి నిద్రపోతున్నా ఆ ఎంట్రీ విమానాన్ని కదలనివ్వదు. మనిషి జ్ఞాపకానికి ఆ శక్తి లేదు.

ఆ రాత్రి ఎడమవైపుకు ఎలాంటి ఎంట్రీ ఉండాల్సిందో రాసి చూపిస్తాను. అసలు పత్రాలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి, ఇక్కడ అర్థం కోసం తెలుగులో రాస్తున్నాను.

“ఎడమ హారిజాంటల్ స్టెబిలైజర్, ముందు అంచు, పైవరుస: 47 స్క్రూలు విప్పాం. కింది వరుస ముట్టుకోలేదు. బూటు మార్చలేదు. స్క్రూలు విమానం నంబరు రాసిన సంచిలో, ఈ కార్డుతోపాటు ఉన్నాయి. 47 స్క్రూలూ బిగించి ఇన్‌స్పెక్షన్ అయ్యేవరకు విమానాన్ని విడుదల చేయరాదు.” కింద సంతకం, తేదీ, సమయం.

ఒక్కో వాక్యం ఏం చేస్తోందో గమనించండి. మొదటిది చోటును, సంఖ్యను చెబుతోంది. సంఖ్య ఎందుకంటే, బిగించేవాడు 46 దగ్గర ఆగితే తనకే తెలియాలి. రెండోది, మూడోది చేయనివాటిని చెబుతున్నాయి. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేవి ఇవే, చేయనిదాన్ని రాయడమేమిటని వాళ్ల సందేహం. కానీ వచ్చేవాడికి కావలసింది హద్దు. మీ పని ఎక్కడ ఆగిందో తెలిస్తేనే తనది ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. చివరి వాక్యం తాళం.

“పని జరుగుతోంది” అని మాత్రం రాయకండి. కొత్తలో నేనూ అలాగే రాసి వెళ్లాను. తెల్లవారుజామున మూడింటికి ఫోను మోగింది. “జరుగుతోంది సరే, ఎంతవరకు జరిగింది?” అని అడిగాడు తర్వాతి షిఫ్టు మెకానిక్. నిద్రమత్తులో నేను చెప్పిన జవాబు మీద నాకే నమ్మకం కలగలేదు. బట్టలు మార్చుకుని హ్యాంగర్‌కు వెళ్లాను.

నోటిమాటగా అప్పగించడం దీనికి అన్న. 1995 ఫిబ్రవరిలో ఇంగ్లండులో బ్రిటిష్ మిడ్‌లాండ్ సంస్థ బోయింగ్ 737 ఒకటి గాలిలోకి లేచిన కాసేపటికే రెండు ఇంజన్లలోనూ ఆయిల్ దాదాపుగా ఖాళీ అయింది. ముందురాత్రి బోరోస్కోప్ (ఇంజన్ లోపలికి దూర్చి చూసే సన్నని పరికరం) తనిఖీ కోసం తీసిన మూతలను రెండు ఇంజన్లకూ తిరిగి బిగించలేదు. పని మొదలుపెట్టిన ఇంజనీరు మిగతాది మరొకరికి మాటల్లో అప్పగించాడు. తీసుకున్నవాడికి ఇతర పనులతో పదే పదే అంతరాయం కలిగింది. ఎక్కడ ఆపాడో చూసుకోవడానికి సరైన కాగితం లేదు. విమానం లూటన్‌లో సురక్షితంగా దిగింది. మాట్లాడుకోవడం తప్పని నేననను, ముఖాముఖి అప్పగింత ఉండి తీరాలి. ఎంట్రీని మధ్యలో పెట్టుకుని, దాన్ని వేలితో చూపిస్తూ మాట్లాడుకోవాలి.

దిద్దుబాట్ల గురించి ఒక్క మాట: తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం, తేదీ వేయండి. కొట్టేసింది చదవడానికి వీలుగా ఉండాలి. తెల్ల రంగు పూయకూడదు. షిఫ్టు చివర కూర్చుని పది అంచెలకు ఒకేసారి సంతకాలు గీకే అలవాటుంటే ఇప్పుడే వదిలేయండి.

ఈ వారం అభ్యాసం. మీరు హైడ్రాలిక్ పంపు మారుస్తున్నారు. పాత పంపు తీసేశారు, కొత్తది కూర్చోబెట్టారు. నాలుగు బోల్టులలో రెండింటికి టార్క్ ఇచ్చారు, మిగతా రెండూ చేతితో తిప్పి వదిలారు. పైపులు కలపలేదు, వాటి కొసలకు మూతలు పెట్టారు. చేయి దూరడానికి అడ్డంగా ఉందని పక్కనున్న ఒక ఎలక్ట్రికల్ కనెక్టరును ఊడదీశారు, జాబ్ కార్డులో దాని ప్రస్తావన లేదు. షిఫ్టు అయిపోయింది. ఎనిమిది వాక్యాలు మించకుండా ఎంట్రీ రాయండి.

రాశాక, ఈ పని గురించి ఏమీ తెలియని ఒకరికి ఇచ్చి చదవమనండి. వాళ్లు అడిగే ప్రశ్నలకు నోటితో జవాబివ్వకుండా, ఒక కాగితం మీద రాసుకోండి. వచ్చే పాఠాన్ని ఆ ప్రశ్నలతోనే మొదలుపెట్టి, వాయిదా వేసిన లోపాల గడువు లెక్కల్లోకి వెళదాం.