వంశపారంపర్య కొలెస్ట్రాల్: మాత్ర పడటం లేదనిపిస్తే ఏం చూడాలి

తిండి వల్ల, బరువు వల్ల పెరిగే కొలెస్ట్రాల్ వేరు, పుట్టుకతో వచ్చేది వేరు. రెండో రకంలో అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిన ఒక జన్యువులో లోపం ఉంటుంది. దానివల్ల రక్తంలోని చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌ను కాలేయం సరిగా తీసేయలేదు. దాదాపు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. మందులేవీ వాడకముందే ఎల్‌డీఎల్ 190 దాటిందా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిందా, అయితే అనుమానించాల్సిందే. మడమ వెనక స్నాయువు (పిక్కను మడమకు కలిపే గట్టి పట్టీ) లావుగా, గట్టిగా చేతికి తగిలినా అంతే.

ఇలాంటివారికి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర దాదాపు జీవితాంతం. మానేస్తే కొన్ని వారాలకే అంకె మళ్లీ పాత చోటికి వస్తుంది. కాబట్టి "నాకు పడలేదు" అని స్ట్రిప్ పక్కన పడేయకుండా, ఇబ్బంది ఎక్కడిదో వెతకాలి.

ఒక్క సందర్భంలో మాత్రం వెతుకుతూ కూర్చోకూడదు. ఒళ్లంతా విపరీతమైన నొప్పి, నీరసం, మూత్రం డికాషన్ రంగు, లేదా కళ్లు పచ్చబడటం. ఇవి అరుదు. కానీ కనిపిస్తే మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరాలు దెబ్బతిని, ఆ వ్యర్థం కిడ్నీల మీద పడే ప్రమాదం ఉంది; కళ్లు పచ్చబడటం కాలేయం సంగతి.

తొడలు, పిక్కలు పీకుతున్నాయి

అందరూ చెప్పేది ఇదే, మాత్ర మానేసేదీ ఎక్కువగా దీనివల్లే. స్టాటిన్ నొప్పికి ఒక తీరుంటుంది. రెండు కాళ్లలోనూ, తొడలు, పిక్కలు, భుజాల్లాంటి పెద్ద కండరాల్లో వస్తుంది. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు పెంచిన కొన్ని వారాల్లోనే మొదలవుతుంది. ఒక్క మోకాలు నొప్పి, నడుము నుంచి ఒక కాల్లోకి లాగడం, పొద్దున్నే మడమ నొప్పి లాంటివి మాత్ర ఖాతాలో వేయకండి. పీట మీద నుంచో నేల మీద నుంచో చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారో లేదో గమనించండి. నిన్నటిదాకా లేచినవారు ఇవాళ లేవలేకపోతే అది డాక్టరుకు చెప్పాల్సిన సంగతి.

తర్వాత, పాత మాత్రకు కొత్తగా ఏం తోడైందో చూడండి. మన దగ్గర ఇది తరచూ తప్పిపోయే కారణం. తామరకు చర్మ డాక్టరు రాసే ఇట్రాకొనజోల్, గొంతు ఇన్‌ఫెక్షన్‌కు రాసే క్లారిత్రోమైసిన్ లాంటివి అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్‌లను రక్తంలో పేరుకుపోయేలా చేస్తాయి. రోజూ వేసుకునే మాత్ర కదా అని ఎవరూ చెప్పరు, ఆ డాక్టర్లూ అడగరు. ఇంకోటి: స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవండి. కొలెస్ట్రాల్ మాత్ర అనుకున్నదానిలో రోసువాస్టాటిన్‌తో పాటు ఫెనోఫైబ్రేట్ కూడా కలిసి ఉండొచ్చు. ఆ రెండో మందు ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) కోసం. అవి మీకు మామూలుగానే ఉంటే అది ఎందుకు రాశారో అడగండి, ఎందుకంటే ఆ జోడీలో కండరాల నొప్పులు కొంచెం ఎక్కువ.

రక్తపరీక్షల్లో సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్)తో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ డి కూడా చూడమనండి. థైరాయిడ్ తక్కువగా ఉంటే స్టాటిన్ లేకపోయినా ఒళ్లు నొప్పులు వస్తాయి, ఉంటే ఇంకా పెరుగుతాయి. థైరాయిడ్ సరిచేస్తే కొలెస్ట్రాల్ కూడా కొంత దిగుతుంది. జిమ్‌లో బరువులెత్తిన మర్నాడు సీకే పరీక్ష చేయించకండి, ఊరికే పెరిగి కనిపించి టెన్షన్ పెడుతుంది. సీకే పై హద్దుకు పది రెట్లు దాటితే మందు ఆపాల్సిందే.

ఇవేవీ కాకపోతే, డాక్టరుకు చెప్పి రెండు నుంచి నాలుగు వారాలు ఆపి చూడటం ఒక పద్ధతి. గోడ క్యాలెండర్‌లో ప్రతిరోజూ నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె రాయండి. మందు ఆపినా అంకె కదలకపోతే నొప్పికి కారణం వేరు. తగ్గి, మళ్లీ మొదలుపెట్టగానే పెరిగితే అప్పుడే స్టాటిన్‌ను తప్పుబట్టాలి.

ఇంత తతంగం ఎందుకంటే, 2020లో వెలువడిన సామ్సన్ అనే అధ్యయనంలో స్టాటిన్ పడక మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని కాదు, దాన్ని తెచ్చేది మందు కాకపోవచ్చని. ఫలితం చూశాక వాళ్లలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

నిజంగా స్టాటిన్ వల్లే అని తేలితే మోతాదు తగ్గించడం, ఇంకో స్టాటిన్‌కు మారడం, రోసువాస్టాటిన్‌ను రోజు విడిచి రోజు వేసుకోవడం ఉన్నాయి. ఆసియావాసుల రక్తంలో రోసువాస్టాటిన్ దాదాపు రెట్టింపు మోతాదులో కనిపిస్తుందని, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమని అమెరికా మందు పత్రంలోనే ఉంది. అక్కడ ఉంటున్న మనవాళ్లు డాక్టరుకు గుర్తుచేయడంలో తప్పు లేదు.

మోతాదు తగ్గిస్తే నొప్పి పోయింది, ఎల్‌డీఎల్ పెరిగింది

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే సగం భయం పోతుంది. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది 6 శాతం మాత్రమే. అంటే 40 నుంచి 20కి దిగినా పెద్దగా పోయేదేమీ లేదు. ఆ లోటు భర్తీకి పేగులో పనిచేసే ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపితే దాదాపు 20 శాతం అదనంగా తగ్గుతుంది. తర్వాతి మెట్టు బెంపడోయిక్ యాసిడ్. ఇది కండరంలో క్రియాశీలం కాదు కాబట్టి కండరాల నొప్పులవాళ్లకు పనికొస్తుంది. యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది కనుక గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

వీటితోనూ గమ్యం చేరకపోతే ఇంజెక్షన్లు. ఎవలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ సాధారణంగా రెండు వారాలకోసారి, ఎల్‌డీఎల్‌ను 60 శాతం దాకా దించుతాయి. ఇన్‌క్లిసిరాన్ మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకోసారి. ఖరీదు ఎక్కువే, మధ్యతరగతికి భారమే. అందుకే మాత్రల జోడీ సరిగా కుదిరిందో లేదో చూడకుండా అక్కడికి దూకకూడదు. గమ్యం ఎంత? ఈ జబ్బున్నవారికి 70 లోపు, ఇప్పటికే గుండె జబ్బు వస్తే 55 లోపు అని 2019 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు చెబుతాయి. ల్యాబ్ కాగితం మీద అచ్చేసిన "నార్మల్" మీకు నార్మల్ కాదు.

ఎస్‌జీపీటీ పెరిగింది, షుగర్ పెరిగింది

ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష) పై హద్దుకు మూడు రెట్ల లోపుంటే సాధారణంగా మందు కొనసాగిస్తారు. మద్యం, ఫ్యాటీ లివర్, ఎవరో ఇచ్చిన పసరు మందు ఉన్నాయేమో చూడాలి. షుగర్ అంచున ఉన్నవారికి స్టాటిన్ కాస్త ముందుకు నెట్టే మాట నిజమే. అయినా గుండెకు దక్కే మేలు ఎక్కువ. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చూసుకుంటూ మాత్ర కొనసాగించాలి.

పథ్యం చేస్తున్నా అంకె కదలట్లేదు

కదలదు. జన్యులోపం ఉన్నప్పుడు తిండితో తగ్గేది చాలాసార్లు 10, 15 శాతమే. నెయ్యి, కొబ్బరి, పామాయిల్ వేపుళ్లు తగ్గించాల్సిందే, కానీ మాత్రకు బదులు కాదు. "సహజం" అంటూ అమ్మే రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్‌లో ఉండే మోనకోలిన్ కె కూడా లోవాస్టాటినే. అదే మందు, మోతాదు ఎంతో తెలియదు.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి

మీకుంటే మీ ప్రతి బిడ్డకూ రావడానికి సగం అవకాశం. పదేళ్లలోపే ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. అవసరమైతే ఎనిమిది, పదేళ్ల వయసు నుంచే పిల్లల డాక్టర్లు స్టాటిన్ మొదలుపెడతారు. గర్భం అనుకుంటున్న ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఎక్కువమందికి ఆ సమయంలో స్టాటిన్ ఆపుతారు. ఇక మేనరికం: ఇద్దరికీ ఈ లోపం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశంతో దీని తీవ్ర రూపం వస్తుంది. ఎల్‌డీఎల్ 400 దాటి, చిన్నతనంలోనే గుండె రక్తనాళాలు దెబ్బతింటాయి. అందుకే మన కుటుంబాల్లో సంబంధం మాట్లాడేముందు ఇద్దరి లిపిడ్ రిపోర్టులూ చూడటం జాతకాల కన్నా ముందు రావాలి.